ఉపగ్రహ సమాచారంతో భూమి పూర్తి చిత్రాన్ని మనమే తయారుచేసుకోవడం: సమగ్ర మార్గదర్శి

భూమి మొత్తం ఒకే చట్రంలో ఇమడాలంటే కెమెరా ఎంత దూరంలో ఉండాలి అన్న లెక్కతోనే ఈ పని మొదలవుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు తీసే ఫొటోలు ఎంత అద్భుతంగా ఉన్నా, అక్కడి నుంచి ఒక్క చూపులో కనిపించేది భూమి ఉపరితలంలో దాదాపు 3 శాతమే. ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. కెమెరా ఉన్న ఎత్తును, భూకేంద్రం నుంచి కెమెరాకు ఉన్న దూరానికి రెట్టింపు చేసిన సంఖ్యతో భాగిస్తే, కనిపించే భాగమెంతో తేలుతుంది. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర కక్ష్యకు ఇది 42 శాతం, 15 లక్షల కిలోమీటర్ల దూరానికి సగానికి ఒక్క పిసరు తక్కువ. ఎంత దూరం వెళ్లినా సగం దాటదు. కాబట్టి భూమి పూర్తి చిత్రం అని మనం అనేది ఎప్పుడూ ఒక వైపు నుంచి చూసిన భూబింబమే.

ఈ మార్గదర్శిలో ప్రజలందరికీ ఉచితంగా దొరికే ఉపగ్రహ సమాచారాన్ని తీసుకుని, దాని నుంచి ఒక పూర్తి భూబింబ చిత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా తయారుచేసే విధానాన్ని వివరిస్తాను. ఇంటర్నెట్‌లో సిద్ధంగా ఉన్న చిత్రాన్ని దించుకుంటే సరిపోదా అని అనిపించవచ్చు. అయితే ఆ చిత్రంలోని ప్రతి రంగు వెనుకా ఎవరో తీసుకున్న ఒక నిర్ణయం ఉంది, ఆ నిర్ణయాలన్నీ స్వయంగా తీసుకుని చూసినప్పుడే ఇతరుల చిత్రాలను సరిగ్గా చదవడం వస్తుంది.

మొదటి మెట్టు: ఎక్కడి నుంచి చూడాలో తేల్చుకోవడం

మీ ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది 2015 ఫిబ్రవరి 11న ప్రయోగించిన డిస్కవర్ ఉపగ్రహంలోని ఎపిక్ కెమెరా. ఇది భూమికీ సూర్యుడికీ మధ్య, భూమి నుంచి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎల్-1 అనే సమతుల్య స్థానం చుట్టూ ఉంటుంది. సూర్యుడు దాని వీపు వెనుక ఉన్నట్టే కాబట్టి దానికి భూమి ఎప్పుడూ దాదాపు పున్నమి చంద్రుడిలా, పూర్తి వెలుగులో కనిపిస్తుంది. అంత దూరం నుంచి భూబింబం ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే ఉంటుంది, అంటే మనకు ఇక్కడి నుంచి చందమామ కనిపించేంత. అందుకే దానికి 30.5 సెంటీమీటర్ల దూరదర్శిని అమర్చారు. 2025 జూలై మధ్యలో ఉపగ్రహంలో లోపం తలెత్తే వరకు రోజుకు 13 నుంచి 22 చిత్రాల వరకు వచ్చేవి, ఒక్కొక్కటి 2048 పిక్సెళ్ల చదరం. నాసా వారి ఎపిక్ వెబ్‌సైటులో తేదీ ఎంచుకుని నేరుగా దించుకోవచ్చు. 2019 జూన్ చివరి నుంచి 2020 మార్చి మొదటి వరకు ఉపగ్రహం పనిచేయలేదు గనుక ఆ కాలపు చిత్రాలు వెతికితే దొరకవు.

రెండో దారి భూస్థిర కక్ష్యలోని వాతావరణ ఉపగ్రహాలు. ఇవి భూమితో సమానంగా తిరుగుతూ ఒకే రేఖాంశం మీద నిలిచి ఉంటాయి. జపాన్ వారి హిమవారి-9 తూర్పు 140.7 డిగ్రీల వద్ద, అమెరికా వారి గోస్-19 పశ్చిమ 75.2 డిగ్రీల వద్ద, గోస్-18 పశ్చిమ 137 డిగ్రీల వద్ద, యూరప్ వారి మెటియోశాట్‌లు సున్నా డిగ్రీల వద్ద, తూర్పు 45.5 డిగ్రీల వద్ద, భారత్ వారి ఇన్‌శాట్-3డి శ్రేణి తూర్పు 74, 82 డిగ్రీల వద్ద, కొరియా వారి జీకే-2ఏ తూర్పు 128.2 డిగ్రీల వద్ద ఉన్నాయి. హిమవారి, గోస్ ఉపగ్రహాలు పూర్తి బింబాన్ని 10 నిమిషాలకు ఒకసారి చిత్రిస్తాయి. వివరం విషయంలో ఎపిక్ వీటి దరిదాపులకు రాదు: హిమవారి ఎరుపు ఛానల్‌లో, అంటే ఎరుపు కాంతిని మాత్రమే కొలిచే భాగంలో, ఉపగ్రహానికి నేరుగా కింద ఉన్న చోట ఒక పిక్సెల్ అర కిలోమీటరుకు సమానం, పూర్తి బింబం 22,000 పిక్సెళ్ల చదరం.

మొదటిసారి ప్రయత్నించేవారు హిమవారితో మొదలుపెట్టాలని నా సలహా. దృశ్యకాంతిలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఛానళ్లూ దానికి ఉన్నాయి. గోస్‌కు ఆకుపచ్చ లేదు. ఈ తేడా ఎంత పని పెడుతుందో ముందు ముందు చూస్తారు.

రెండో మెట్టు: సమయాన్ని ఎంచుకోవడం

పూర్తిగా వెలిగిన బింబం కావాలంటే ఉపగ్రహం నిలిచిన రేఖాంశానికి మధ్యాహ్నం ఎప్పుడవుతుందో లెక్కవేయాలి. తూర్పు రేఖాంశాన్ని 15తో భాగించి, వచ్చిన గంటలను 12 నుంచి తీసివేస్తే యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం వస్తుంది. పశ్చిమ రేఖాంశమైతే కలపాలి. గోస్-19కు ఇది 17:01, తూర్పు 45.5 డిగ్రీల మెటియోశాట్‌కు 08:58, హిమవారికి 02:37. ఋతువును బట్టి పావుగంట అటూ ఇటూ మారుతుంది గానీ చిత్రానికి దానితో ఇబ్బంది లేదు.

హిమవారి విషయంలో ఒక చిక్కు ఉంది. 02:37కు దగ్గరగా ఉన్నది 02:40 నాటి చిత్రం కదా అని దాని కోసం వెతికితే ఏ రోజుదీ దొరకదు. ఉపగ్రహ నిర్వహణ పనుల కోసం 02:40కి, 14:40కి పూర్తి బింబ పరిశీలనను రోజూ ఆపుతారు. అందుకే రోజుకు 144 చిత్రాలు రావలసిన చోట 142 వస్తాయి. మీ దించుకునే విధానంలో లోపం ఉందని గంటలు వృథా చేసుకోకుండా 02:30 నాటిది గానీ 02:50 నాటిది గానీ తీసుకోండి.

తేదీ కూడా ఆలోచించి ఎంచుకోవలసిందే. విషువత్తుల సమయంలో, అంటే మార్చి, సెప్టెంబరు మూడో వారాల్లో, రెండు ధ్రువాల అంచుల వరకూ వెలుగు సమంగా పడుతుంది. జూన్‌లో ఉత్తర ధ్రువ ప్రాంతం వెలిగి దక్షిణం చీకట్లో ఉంటుంది, డిసెంబరులో అందుకు తలకిందులు. 1972 డిసెంబరు 7న అపోలో-17 వ్యోమగాములు దాదాపు 29,000 కిలోమీటర్ల దూరం నుంచి, 80 మిల్లీమీటర్ల కటకం అమర్చిన హాసెల్‌బ్లాడ్ కెమెరాతో తీసిన ప్రఖ్యాత చిత్రంలో అంటార్కిటికా మంచు అంత ధగధగలాడటానికి కారణం ఆ తేదీయే. ఆ ఫొటో తీసింది 10:39 యూటీసీ ప్రాంతంలో. ఇందాకటి లెక్కను తిరగవేస్తే అప్పుడు తూర్పు 20 డిగ్రీల వద్ద మధ్యాహ్నమని తేలుతుంది, అంటే ఆఫ్రికా నడిబొడ్డు. ఆఫ్రికా, అంటార్కిటికా రెండూ ఒకే చిత్రంలో పూర్తి వెలుగులో పడటం గడియారమూ పంచాంగమూ కలిసి వచ్చిన ఫలితం. మీరు ఎంచుకునే ప్రతి చిత్రానికీ ఈ లెక్క ముందుగా వేసి చూసుకుంటే, దించుకోకముందే బింబం ఎలా ఉంటుందో మనసులో కనిపిస్తుంది.

మూడో మెట్టు: ముడి సమాచారాన్ని దించుకోవడం

గోస్, హిమవారి ముడి సమాచారాన్ని అమెరికా వాతావరణ సంస్థ నోవా అమెజాన్ క్లౌడ్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచింది, ఖాతా కూడా అవసరం లేదు. అక్కడి ఫోల్డర్లు సంవత్సరం, తేదీ, గంట వారీగా అమరి ఉంటాయి. గోస్‌లో తేదీకి బదులు ఆ సంవత్సరంలో ఎన్నో రోజు అన్న సంఖ్య వాడతారు, ఫిబ్రవరి 1 అంటే 032. పేర్లలోని సమయాలన్నీ యూటీసీలోనే ఉంటాయి.

గోస్‌లో పదహారు ఛానళ్లనూ 2 కిలోమీటర్ల రిజల్యూషన్‌లో ఒకే ఫైలుగా కూర్చిన రూపం దొరుకుతుంది, 5424 పిక్సెళ్ల చదరం. నేర్చుకునేటప్పుడు ఇది చాలు. హిమవారిలో మాత్రం ఒక్కో ఛానల్‌నూ ఉత్తరం నుంచి దక్షిణానికి పది ముక్కలు చేసి పెడతారు, కాబట్టి మూడు రంగులకు ముప్పై ఫైళ్లు, కింద చెప్పబోయే దిద్దుబాటుకు మరో పది దించుకోవాలి. ఒక్క ముక్క తప్పినా బింబం మీద నల్లని అడ్డపట్టీ వస్తుంది. దించుకున్న తరువాత ఫైళ్లను లెక్కపెట్టుకోవడం తప్పనిసరి.

వీటిని తెరవడానికి పైథాన్ భాషలోని శాట్‌పై అనే ఉచిత లైబ్రరీ అన్నింటికంటే అనువైనదని అనుభవంతో చెబుతున్నాను. ఫైళ్లున్న ఫోల్డరునూ, ఏ పరికరం సమాచారమో దాని పేరునూ ఇస్తే అది ముక్కలను అతికి, సంఖ్యలను పరావర్తన నిష్పత్తిగా మార్చి ఇస్తుంది. పరావర్తన నిష్పత్తి అంటే ఆ చోట పడిన సూర్యకాంతిలో ఎంత వంతు తిరిగి వచ్చిందన్నది. మేఘానికి అది ఎక్కువ, సముద్రానికి బాగా తక్కువ. ప్రోగ్రామింగ్ అలవాటు లేనివారు కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వారి స్లైడర్ వెబ్‌సైటులో ఛానళ్లను విడివిడిగా చూసి, చిత్రాలుగా భద్రపరచుకుని, జింప్ వంటి ఫొటో సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవచ్చు. అయితే అవి అప్పటికే కొంత సవరించినవి కనుక కింద చెప్పే లెక్కలు వాటికి కచ్చితంగా వర్తించవు.

రేడియో మీద ఆసక్తి ఉన్నవారికి మరో దారి ఉంది. గోస్ ఉపగ్రహాలు 1694.1 మెగాహెర్ట్జ్ మీద చిత్రాలను నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. జాలీ లాంటి చిన్న డిష్, సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్, కంప్యూటరుకు తగిలించే రేడియో రిసీవర్, శాట్‌డంప్ సాఫ్ట్‌వేర్ ఉంటే, ఆ ఉపగ్రహం కనిపించే ప్రాంతంలో ఉన్నవారు ఇంటర్నెట్ లేకుండానే భూబింబాన్ని అందుకోవచ్చు.

నాలుగో మెట్టు: రంగులు కలపడం

ఈ పనిలో నాకు అన్నింటికంటే ఇష్టమైనదీ, అత్యంత జాగ్రత్త కోరేదీ ఈ మెట్టే. ఉపగ్రహ పరికరం మన ఫోను కెమెరాలా రంగుల ఫొటో తీయదు. ఒక్కో ఫిల్టరు గుండా ఒక్కో నలుపు-తెలుపు చిత్రం ఇస్తుంది. ఎరుపు ఛానల్‌ను ఎరుపు పొరలో, ఆకుపచ్చను ఆకుపచ్చ పొరలో, నీలాన్ని నీలం పొరలో ఉంచితే రంగుల చిత్రం పుడుతుంది. ఎపిక్‌లో ఉన్న పది ఫిల్టర్లలో 680, 551, 443 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలవి ఈ మూడు పొరలకు వాడతారు. హిమవారిలో 0.64, 0.51, 0.47 మైక్రోమీటర్లవి వాడాలి. ఎరుపు అర కిలోమీటరు రిజల్యూషన్‌లో, మిగిలిన రెండూ ఒక కిలోమీటరులో ఉంటాయి గనుక ముందుగా ఎరుపును కుదించి మూడింటినీ సమానం చేయండి.

హిమవారి చిత్రాన్ని ఇలా కలపగానే అడవులు పచ్చగా కాక మాసిన గోధుమ రంగులో, ఎడారులు మరీ ఎర్రగా వస్తాయి. తప్పు మీది కాదు. ఆకులు ఆకుపచ్చ కాంతిని ఎక్కువగా తిప్పి పంపేది 0.55 మైక్రోమీటర్ల దగ్గర, హిమవారి ఫిల్టరు ఉన్నది 0.51 దగ్గర. ఆ లోటు పూడ్చడానికి 0.86 మైక్రోమీటర్ల సమీప పరారుణ ఛానల్‌ను, అంటే ఎరుపుకు ఆవల మన కంటికి కనిపించని కాంతిని, కొద్దిగా కలుపుతారు, ఎందుకంటే పచ్చని ఆకు పరారుణ కాంతిని చాలా బలంగా పరావర్తనం చేస్తుంది. 7 శాతం నుంచి 15 శాతం వరకు కలిపి చూడండి. పదిహేను దాటితే న్యూగినీ అడవులు ప్లాస్టిక్ ఆకుల రంగులోకి మారతాయి.

గోస్‌కు అసలు ఆకుపచ్చ ఛానలే లేదు కాబట్టి దాన్ని పూర్తిగా కట్టవలసి వస్తుంది. ఎరుపులో 45 శాతం, నీలంలో 45 శాతం, సమీప పరారుణంలో 10 శాతం కలిపితే సహజానికి దగ్గరైన ఆకుపచ్చ వస్తుంది. అంటే గోస్ చిత్రాల్లో మీరు చూసే ఆకుపచ్చ కొలిచినది కాదు, లెక్కగట్టినది. రష్యా వారి ఎలెక్ట్రో-ఎల్ ఉపగ్రహ చిత్రాల్లో నేలంతా తుప్పు రంగులో కనిపించడానికీ కారణం ఇలాంటిదే, అందులో పచ్చదనాన్ని చూపే సమీప పరారుణాన్ని నారింజ రంగుగా చూపిస్తారు.

మూడు పొరలూ ఒకే సమయానివి కావాలి. మొదట్లో నేను ఎరుపు 02:30 నాటిదీ, నీలం 02:50 నాటిదీ పొరపాటున కలిపాను. ఖండాల తీరరేఖలు చక్కగా కుదిరాయి, కానీ ప్రతి మేఘానికీ ఒక పక్క ఎర్రని, మరో పక్క నీలి అంచు వచ్చింది. సెకనుకు 20 మీటర్ల గాలికి కదిలే మేఘం ఇరవై నిమిషాల్లో 24 కిలోమీటర్లు జరుగుతుంది, అంటే ఒక కిలోమీటరు రిజల్యూషన్‌లో 24 పిక్సెళ్లు. ఇదే చిక్కు ఉపగ్రహ స్థాయిలోనూ ఉంది. 2015 జూలై 16న ఎపిక్ కెమెరా ముందు నుంచి చందమామ దాటుతూ, దాని ఆవలి వైపు మనకు కనిపించిన చిత్రాన్ని పెద్దది చేసి చూడండి. చంద్రబింబం కుడి అంచున సన్నని ఆకుపచ్చ గీత ఉంటుంది. ఎపిక్ మూడు ఫిల్టర్ల చిత్రాలనూ దాదాపు 30 సెకన్ల తేడాతో ఒకదాని వెంట ఒకటి తీస్తుంది, ఆ కాస్త సమయంలోనే చంద్రుడు కదిలాడు. ఆ గీతను చూసి చిత్రం నకిలీదని అనుమానించినవారు ఉన్నారు. నిజానికి ఆ చిత్రం ఎలా తయారైందో చెప్పే సాక్ష్యం ఆ గీతే.

అయిదో మెట్టు: వెలుగును, గాలిపొరను సరిచేయడం

పరావర్తన సంఖ్యలను యథాతథంగా తెర మీద చూపితే మేఘాలు తప్ప మిగతాదంతా నల్లగా కనిపిస్తుంది. మానవ నేత్రం మసక వెలుగులో తేడాలను ఎక్కువగా గ్రహిస్తుంది గనుక సంఖ్యలకు వర్గమూలం తీసి చూపడం సులువైన పద్ధతి. గామా 2.2 అని సాఫ్ట్‌వేర్‌లలో ఉండే సర్దుబాటు కూడా దాదాపు ఇదే పని చేస్తుంది. మేఘాల తెలుపు అంతా ఒకే ముద్ద కాకుండా, తుపాను మేఘాల మీది ముడతలు విడిగా తెలిసేంత వరకే వెలుగు పెంచండి.

తరువాత గాలిపొర. నీలి కాంతిని గాలి అణువులు ఎరుపుకంటే చాలా ఎక్కువగా చెదరగొడతాయి. తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతం లెక్కన, 443 నానోమీటర్ల నీలం 680 నానోమీటర్ల ఎరుపుకంటే అయిదు రెట్లకు పైగా చెదురుతుంది. అందుకే ముడి చిత్రంలో నేల మీద పల్చని నీలి తెర పరచినట్టు ఉంటుంది, అంచుల దగ్గర అది ఇంకా చిక్కనవుతుంది. దీన్ని తొలగించే రేలీ దిద్దుబాటు శాట్‌పైలో సిద్ధంగా ఉంది. ఎపిక్ వెబ్‌సైటు కూడా సహజ రంగుల చిత్రాన్నీ, గాలి ప్రభావం తగ్గించి నేలను స్పష్టం చేసిన చిత్రాన్నీ వేరువేరుగా ఇస్తుంది. వాటిని పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఆ నీలి తెరను పూర్తిగా తుడిచేయకూడదు. అంతరిక్షంలోకి వెళ్లిన మనిషి కంటికి ఆ తెర ఉంటుంది, బింబపు అంచున ఆ లేత నీలి పలుచదనమే మనం పీల్చే గాలి. నేల లక్షణాలు అధ్యయనం చేయాలంటే పూర్తి దిద్దుబాటు చేయండి. భూమి ఎలా కనిపిస్తుందో చూపాలంటే సగం దగ్గర ఆగండి.

బింబం బయటి నలుపును అలాగే వదిలేయండి. అందులో నక్షత్రాలు అతికించడం నాకు ససేమిరా సమ్మతం కాదు. ఎండలో వెలిగే భూమికి తగినట్టు వెలుగును కొలిచే కెమెరాకు నక్షత్రాలు అందవు.

రాత్రి భాగం

పగలు-రాత్రి సరిహద్దు ఉన్న చిత్రం కావాలంటే చీకటి వైపు పరారుణ ఛానల్‌ను వాడి మేఘాలను చూపాలి, 10 మైక్రోమీటర్ల దగ్గర చల్లని మేఘశిఖరాలు, వెచ్చని సముద్రం స్పష్టంగా విడిపోతాయి. జియోకలర్ పేరుతో వచ్చే చిత్రాల్లో రాత్రి వైపు మెరిసే నగరాల దీపాలు ఆ క్షణంలో చూసినవి కావు, వేరే ఉపగ్రహం గతంలో సేకరించిన స్థిర పటాన్ని కింద పరుస్తారు. ఒక నగరంలో కరెంటు పోయినా ఆ చిత్రంలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి.

ఆరో మెట్టు: తయారైన చిత్రాన్ని పరీక్షించడం

మీ చిత్రం సరిగ్గా వచ్చిందో లేదో భూమే చెబుతుంది. హిమవారి 02:30 చిత్రాన్ని తెరిచి సరిగ్గా మధ్య పిక్సెల్ దగ్గరకు వెళ్లండి. అక్కడ సముద్రం ఉండాలి, దానికి కొద్దిగా కింద న్యూగినీ ఉత్తర తీరం కనిపించాలి. మేఘాలు లేకపోతే ఆ చుట్టుపక్కల సముద్రం మీద మసక వెండి రంగు మచ్చ ఉంటుంది. అది సూర్యుడి ప్రతిబింబం. ఉదయపు చిత్రాల్లో అది తూర్పుకు, సాయంత్రపు చిత్రాల్లో పడమరకు జరుగుతుంది. ఆ మచ్చలో గాలి లేని చోట నీరు అద్దంలా మెరుస్తుంది, అలలున్న చోట మెరుపు చెదిరిపోతుంది. దాన్ని లోపమనుకుని చెరిపేయకండి. కింది భాగంలో ఆస్ట్రేలియా నడిమి ఎర్రనేల ఇటుక రంగులో ఉంటే రంగుల పొరలు తారుమారు కాలేదని అర్థం. నీలంగా కనిపిస్తే ఎరుపు, నీలం పొరలు అటుదిటు అయ్యాయి.

ఇది ఒక్క క్లిక్కుతో తీసిన చిత్రం కాదని కూడా గుర్తుంచుకోవాలి. పరికరం ఉత్తరం నుంచి దక్షిణానికి అడ్డపట్టీలుగా చదువుకుంటూ వస్తుంది, కాబట్టి పై అంచుకూ కింది అంచుకూ మధ్య చాలా నిమిషాల తేడా ఉంటుంది. అంచుల దగ్గర ఖండాలు నొక్కుకుపోయి కనిపించడం సహజమే, ఎత్తయిన మేఘాలు కూడా అక్కడ అసలు చోటు నుంచి అంచు వైపు జరిగినట్టు కనిపిస్తాయి.

ఇతరుల చిత్రాలకూ ఇదే పరీక్ష పెట్టవచ్చు. 2002లో నాసా విడుదల చేసిన భూగోళ చిత్రం భూమికి 700 కిలోమీటర్ల ఎత్తున తిరిగే టెర్రా ఉపగ్రహం అనేక రోజులపాటు సేకరించిన పట్టీలను కుట్టినది. 2012 నాటిది సువోమీ ఎన్‌పీపీ ఉపగ్రహపు పట్టీలతో చేసినది. ఈ రెండు చిత్రాల్లో ఖండాల పరిమాణాలు వేరుగా కనిపించడానికి భూమి మారడం కారణం కాదు, ఏ ఎత్తు నుంచి చూసినట్టు గోళం మీద పరిచారన్నదే. ఎత్తు తగ్గితే మధ్యలోని ఖండం బింబాన్నంతా ఆక్రమిస్తుంది. మొదట్లో చెప్పిన శాతం లెక్క ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

చివరి మెట్టు: వివరణ రాసి భద్రపరచడం

మూల ప్రతిని 16 బిట్ల టిఫ్‌గా దాచుకోండి. జేపెగ్‌లో బింబపు అంచున రంగులు మెట్లు మెట్లుగా విరుగుతాయి, దాన్ని పంచుకోవడానికి మాత్రమే వాడండి. మూలసంస్థ పేరు తప్పక రాయండి.

వివరణలో ఉపగ్రహం, పరికరం, తేదీ, యూటీసీ సమయం, వాడిన ఛానళ్లు, కలిపిన శాతాలు, చేసిన దిద్దుబాట్లు అన్నీ ఉండాలి. నేను నా చిత్రాల కింద రాసుకునే తీరు ఇది: "హిమవారి-9, ఏహెచ్ఐ పరికరం, సెప్టెంబరు 22, 02:30 యూటీసీ. ఎరుపు 0.64, నీలం 0.47 మైక్రోమీటర్లు. ఆకుపచ్చ: 0.51 మైక్రోమీటర్ల ఛానల్ 90 శాతం, 0.86 ఛానల్ 10 శాతం. రేలీ దిద్దుబాటు సగం మేరకు. గామా 2.2. ఉత్తరం పైకి. మూల సమాచారం: జపాన్ వాతావరణ సంస్థ." ఈ వాక్యాలను చిత్రం పక్కన విడిగా రాసి ఊరుకోకుండా ఫైలు లోపలి వివరాల్లో కూడా చేర్చండి, ఎందుకంటే చిత్రం చేతులు మారుతున్న కొద్దీ పక్కన రాసినది రాలిపోతుంది, లోపల రాసినది మిగిలే అవకాశం ఎక్కువ.